మూడేళ్ల వాడకం తర్వాత బ్లూటూత్ స్కానర్: ఫ్యూయల్ ట్రిమ్ అంకెల కోసమే ఇది నా దగ్గర ఉంది

కారు కంప్యూటర్‌కు తగిలించి ఫోనులో చూసుకునే ఈ చిన్న స్కానర్ కొని మూడేళ్లు దాటింది. లోపాల కోడ్‌లు చదవడం, చెరపడం ఏ స్కానరైనా చేస్తుంది కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఇంజిన్ నడుస్తుండగా షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు ఫోను తెర మీద కదులుతూ కనిపిస్తాయి చూడండి, నేను చెప్పదలచుకున్నదల్లా వాటి గురించే. కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు పెంచిందో (+), తగ్గించిందో (−) ఫ్యూయల్ ట్రిమ్ చెబుతుంది: షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు చేసే సర్దుబాటు, లాంగ్ టర్మ్ నెమ్మదిగా నేర్చుకుని దాచుకున్నది. ఆ రెండు అంకెలు చదవడం వచ్చాక, బోనెట్ ఎత్తాలంటే ఉండే బెరుకు నాకు పూర్తిగా పోయింది.

మొదటి ఏడాదే అసలు పరీక్ష ఎదురైంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కోడ్ పి0171, అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. చూపించిన గ్యారేజీలో, ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్ పోయిందని చెప్పి మార్చారు. తొమ్మిది రోజులకు లైటు మళ్లీ వెలిగింది. ఈసారి ఫ్యూయల్ పంపు మార్చాలన్నారు. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. పాత సెన్సార్ ఉన్నదున్నట్టు చెప్పింది, చెప్పినందుకు దాన్నే పీకేశారు.

కారు ఇంటికి తెచ్చుకుని, ఇంజిన్ 90 డిగ్రీలకు వేడెక్కేదాకా ఆగి, స్కానర్ పెట్టాను. చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సార్ మాట వినదు, అప్పటి ట్రిమ్‌లను నమ్మి లాభం లేదు. ఐడిల్‌లో లాంగ్ టర్మ్ +17, షార్ట్ టర్మ్ +7. రెండూ కలిపి చూడాలి: 24 శాతం. అంటే కంప్యూటర్ తాను వేసుకున్న లెక్క కంటే దాదాపు పావు వంతు పెట్రోలు అదనంగా పోస్తోంది. మొత్తం ఇటు 5, అటు 5 లోపు ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను, 10 దాటితే వెతకడం మొదలుపెడతాను. ఆ తర్వాత యాక్సిలరేటర్ మెల్లగా నొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి ఉంచాను. మొత్తం 5కి దిగివచ్చింది. కాలు తీశాను, మళ్లీ 24. మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ అంతే.

ఈ స్కానర్ మీద నాకు మనసు పడింది ఆ క్షణంలోనే. ఐడిల్‌లో థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు, దాదాపు మూసుకుని ఉంటుంది. ఇంజిన్ తీసుకునే గాలి కొంచెమే, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ (లోపలికి లాగే పీల్పు) మాత్రం బలంగా ఉంటుంది. ఎక్కడైనా చిన్న పగులు ఉంటే, ఎయిర్‌ఫ్లో సెన్సార్ కొలతకు అందకుండా లోపలికి దూరే గాలి మొత్తంలో పెద్ద వాటా అవుతుంది. థ్రాటిల్ తెరుచుకున్నాక కొలిచిన గాలి వరదలా వస్తుంది, దొంగదారిన వచ్చేది అందులో ఏ మూలకూ చాలదు. పంపు బలహీనమై ఉంటే కథ తలకిందులుగా ఉండేది: ఐడిల్‌లో అంకెలు బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగేవి. పంపు మార్చాల్సిన పని లేదని ఆ రెండు అంకెలే చెప్పాయి.

ఇక పగులు వెతకడం. పట్టకారు మొనలకు గుడ్డ చుట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా, వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కుతూ షార్ట్ టర్మ్ చూశాను. బ్రేక్ బూస్టర్ గొట్టం నొక్కితే మార్పు లేదు. పెట్రోలు ట్యాంకు ఆవిర్లను తెచ్చే పర్జ్ వాల్వ్ గొట్టం నొక్కినా లేదు. ఇంజిన్ అడుగు భాగంలోని ఆవిర్లను మళ్లీ మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ గొట్టాన్ని మానిఫోల్డ్ దగ్గర నొక్కగానే +7 కాస్తా జారుతూ జారుతూ −12 దగ్గర ఆగింది. లాంగ్ టర్మ్ వెంటనే కదలదు కాబట్టి 17లోంచి 12 పోతే మొత్తం 5. గొట్టం బాగుండి ఉంటే నొక్కినా ట్రిమ్ పెద్దగా కదలకూడదు, దానిలో వెళ్లే గాలిని ఎయిర్‌ఫ్లో సెన్సార్ ముందే కొలిచి ఉంటుంది. గొట్టం వంపు కింద వేలు పెట్టి తడిమాను. నూనెకు నాని మెత్తబడిన రబ్బరు, దాని మీద గోరంత పొడవున చీలిక. పైనుంచి ఎంత చూసినా కనిపించదు. గొట్టం మార్చి, కంప్యూటర్ దాచుకున్న ట్రిమ్ జ్ఞాపకం చెరిపి, రెండు రోజులు తిప్పాక ఐడిల్‌లో మొత్తం +3.

ఆ ఉత్సాహంలో లీకు ఎక్కడుందో ఇది చెప్పేస్తుందని చాలామందికి చెప్పాను. అది సరికాదు. లోపం ఏ తరహాదో చెబుతుంది, చోటు చేత్తోనో, గొట్టాల్లోకి పొగ పంపి లీకు చూపించే పొగ యంత్రంతోనో మనమే వెతుక్కోవాలి. (వేడి ఎగ్జాస్ట్ దగ్గర కార్బ్యురేటర్ క్లీనర్ చిమ్మి వెతికేవారున్నారు. అది భగ్గున అంటుకుంటుంది, నేను ఆ పని చేయను.) ఆక్సిజన్ సెన్సార్‌కు ముందు ఎగ్జాస్ట్ కారుతున్నా బయటి గాలి లోపలికి చేరి, మిశ్రమం సరిగానే ఉన్నా ట్రిమ్ పైకి పోతుంది.

స్నేహితుడి కారు నాకు ఇంకో పాఠం నేర్పింది. దానికి ఎయిర్‌ఫ్లో సెన్సార్ లేదు, మానిఫోల్డ్ పీడనం కొలిచే మ్యాప్ సెన్సారే. ఒక గొట్టం పూర్తిగా ఊడి బుస కొడుతోంది, ఐడిల్ వేగం పెరిగిపోయింది, ట్రిమ్ మాత్రం +2. దొంగగాలి వల్ల పెరిగిన పీడనాన్ని కూడా సెన్సార్ కొలిచేస్తుంది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు పోసేస్తుంది. అలాంటి కారున్నవారు నా మాట విని ఇది కొంటే నిరాశ పడవచ్చు.

పరికరంలోనూ లోపాలున్నాయి. ఎనిమిది పది అంకెలు ఒకేసారి అడిగితే తెర నత్తనడక నడుస్తుంది. నేను నాలుగే పెట్టుకుంటాను: రెండు ట్రిమ్‌లు, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి. వారం రోజులు కారులోనే వదిలేస్తే ఒకసారి బ్యాటరీ దిగిపోయింది, అప్పటినుంచి పని కాగానే తీసేస్తున్నాను.

పాత కారు, ఎయిర్‌ఫ్లో సెన్సార్, చేతులకు మురికి అంటినా పట్టించుకోని ఆదివారాలు: నాకు ఈ మూడూ ఉన్నాయి కాబట్టి దీన్ని వదులుకోను. ఏడాదికోసారి సర్వీసుకు ఇచ్చి ఊరుకునేవారికి అవసరమని గట్టిగా చెప్పలేను. నెలకోసారి ఐడిల్‌లో, 2500 దగ్గర మొత్తం ట్రిమ్ పుస్తకంలో రాసుకుంటాను. కిందటి నెల 3, 2. ఈ నెల 8, 2. ఈ ఆదివారం ఇన్‌టేక్ గాస్కెట్ (మానిఫోల్డ్ ఇంజిన్‌కు అతుక్కునే చోటి సీలు) దగ్గర మొదలుపెడతాను.