బ్లెండర్ మబ్బుల్లో నీటిబిందువు వ్యాసం: ఏడాదికి పైగా వాడిన మీదట

చెన్నైలో ఇంటి నుంచే తెలుగు ప్రకటనలకు గ్రాఫిక్స్ చేసే నాకు, 3డి బొమ్మల సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 4.3లో, మబ్బు, పొగల్లో కాంతి చెదరడాన్ని లెక్కించే వాల్యూమ్ స్కాటర్ నోడ్‌కు ‘మీ’ (Mie) పరిక్షేపణం, అంటే బిందువు పరిమాణాన్ని బట్టి కాంతి ఏ దిక్కుకు ఎంత చెదురుతుందో చెప్పే పద్ధతి, చేరడం చాలా కాలానికి దక్కిన పెద్ద సంతోషం. అంతకుముందు మాకు హెన్యే-గ్రీన్‌స్టీన్ సూత్రం ఒక్కటే దిక్కు. నక్షత్రాల మధ్యనున్న ధూళి కోసం 1941లో రాసిన ఆ సూత్రంలో అనైసోట్రపీని (కాంతి ముందుకే ఎంతగా చెదరాలో చెప్పే విలువను) 0.85 దగ్గర పెట్టి, అదే మబ్బు అని సర్దుకునేవాళ్లం. ఇప్పుడు నోడ్ నేరుగా నీటిబిందువు వ్యాసాన్ని (డయామీటర్), అదీ మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యోవంతుల్లో), అడుగుతుంది.

దీని విలువ ఒక నగల ప్రకటన చేస్తున్నప్పుడు తెలిసివచ్చింది. సూర్యుడికి ఎదురుగా మొదలైన కెమెరా మబ్బును చుట్టి, సూర్యుణ్ణి వీపు వెనక్కు తెచ్చుకునే షాట్ అది. పాత పద్ధతిలో మొదటి సగం అంచులు బాగానే మెరిసేవి కానీ, కెమెరా తిరిగేసరికి పల్చని పాయలన్నీ బూడిదరంగుకు దిగి ప్రాణం పోయినట్టుండేవి. దాన్ని కప్పిపుచ్చడానికి రెండో లైటు పెట్టడం మా వాళ్లందరికీ అలవాటే. వ్యాసం 20గా ఇచ్చి చూస్తే, ఏ అదనపు లైటూ లేకుండానే ఆ పాయలు తెల్లగా నిలిచాయి. 40కి పెంచితే సూర్యుడి చుట్టూ వెండి అంచు ఇంకా బిగిసింది. కార్తీకంలో బంగాళాఖాతం మీద రోజూ చూసే మబ్బును మొదటిసారి తెరమీద చూశాను.

అయితే ఈ గొప్పతనమంతా పల్చని అంచులదే. దట్టమైన మబ్బు లోపల కాంతి అనేకసార్లు చెదిరి వచ్చిన దిక్కునే మరచిపోతుంది కాబట్టి, అక్కడ రెండు పద్ధతుల తేడా కనిపించదు. అక్కడి తెలుపును నిర్ణయించేవి వాల్యూమ్ బౌన్సులు (కాంతి ఎన్నిసార్లు చెదిరేదాకా లెక్కించాలో చెప్పే సెట్టింగు), చెదిరిన ప్రతిసారీ మిగిలే కాంతి వాటా. బౌన్సులు మొదట సున్నాగా ఉంటాయి, పెంచుకోవాలి. ఆ వాటా 0.9 అయితే 50 సార్లు చెదిరేసరికి మిగిలేది అరశాతం కాంతి, 0.99 అయితే 60 శాతం. నిజమైన మబ్బు దృశ్యకాంతిని దాదాపు పీల్చుకోదు కనుక 1 దగ్గరే ఉంచడం న్యాయం, కానీ ఆ మేరకు రెండరు (కంప్యూటరు బొమ్మను లెక్కగట్టే పని) సాగుతుంది. పైగా ఇది ‘మీ’ సిద్ధాంతానికి ఉజ్జాయింపు మాత్రమే. విమానం నీడ చుట్టూ మబ్బు మీద కనిపించే రంగుల వలయం ఇందులో రాదు.

ఎదురెండలో మబ్బులు చూపే పని ఎక్కువ గనుక నాకిది విడువరానిది. ఒక్క గ్రాఫిక్స్ కార్డుతో, దూరాన నిలిచే మబ్బులే చేసేవారికి పాత పద్ధతే చాలవచ్చు; అలాంటి షాట్లకు నేనూ దాన్నే వాడుతున్నాను.