పాత పెల్లెట్ పొయ్యి: కడాయికి బాగుంది, పాకానికి కాదు

చిత్తూరులో మా ఇంట్లోనే పిండివంటల ఆర్డర్లు చేస్తాను. మురుకులు, కారాబూందీ, అరిసెలు, పెళ్లిళ్లప్పుడు ఓళిగలు. గ్యాస్ ఖర్చు తట్టుకోలేక సెకండ్ హ్యాండ్‌లో పెల్లెట్ పొయ్యి కొని వెనక వరండాలో పెట్టించుకున్నా. పెల్లెట్లంటే రంపపు పొట్టు లాంటివి గట్టిగా నొక్కి చేసిన చిన్న ముక్కలు, కట్టెల బదులు కాల్చేవి. దీపావళి, పెళ్లిళ్ల సీజన్ రెండూ చాలావరకు దాని మీదే గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా. పొయ్యికి ఐదుకి నాలుగు. అమ్మిన షాపుకి రెండు, అది కూడా బేరానికి దిగొచ్చినందుకే. బిగించిన వెల్డింగ్ తమ్ముడికి ఐదుకి ఐదు.

పొయ్యి దొరికింది తిరుపతిలో, పాత హోటల్ సామాన్లు అమ్మే ఒక షాపులో. ఏదో హాస్టల్ మెస్ ఎత్తేస్తే వచ్చిందట. నేమ్ ప్లేట్ ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ బెజ్జాలు తప్ప ఏమీ లేదు. మా మేనల్లుడు ఫొటో తీసి నెట్‌లో వెతికితే అన్నీ అమెరికా, ఇటలీ పొయ్యిలే వచ్చాయి. అవి చలికి గది వెచ్చబెట్టుకునేవి. ముందు గాజు తలుపు, పైన పెల్లెట్లు పోసే డబ్బా, వాటిని కొంచెం కొంచెంగా మంటలోకి తోసే మోటారు స్క్రూ, పొగని గోడ బయటికి పంపే గొట్టం. "అత్తా, దీనికి గాజు తలుపు లేదే, పగిలిపోయిందేమో" అన్నాడు వాడు. మే నెలలో చిత్తూరులో గది వెచ్చబెట్టుకునే కర్మ ఎవరికిరా!

మన దగ్గర దొరికేవి వంట పొయ్యిలు. వాటిలో రెండు రకాలు. ఒకటి, గిన్నె నిండా పెల్లెట్లు పోసి పైనుంచి అంటించేది. అది పైనుంచి కిందికి కాలుకుంటూ పోతుంది, మధ్యలో మళ్లీ పోయడం కుదరదు. 2006 ప్రాంతంలో బీపీ అనే ఆయిల్ కంపెనీ బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ వాళ్ల పరిజ్ఞానంతో తెచ్చిన 'ఊర్జా' పొయ్యి ఈ రకమే. నలుగురున్న ఇంటి వంటకి అది చాలు. రెండోది, పక్కన ఏటవాలుగా గొట్టం ఉండేది. అందులోంచి పెల్లెట్లు పోస్తూ ఉంటే గంటల తరబడి మండుతుంది. నాకు కావలసింది ఇది. ప్లేట్ లేకపోయినా ఆ పక్క గొట్టం, కింద బూడిద ట్రే, వెనకాల మంటకి గాలి కొట్టే బ్లోయర్ ఫ్యాను బిగించే చోటు చూస్తే సంగతి తెలిసిపోయింది. మీరు చూసేదానికి ప్లేట్ ఉంటే ఐఎస్ 13152 అనే నంబరు ఉందేమో చూడండి. వస్తువుల నాణ్యతకి ప్రమాణాలు పెట్టే బీఐఎస్ 2013లో ఇలాంటి పొయ్యిలకి పెట్టిన ప్రమాణం అది. దాని ప్రకారం ఫ్యాన్ ఉన్న పొయ్యి వేడిలో కనీసం 35 శాతం గిన్నెకి చేరాలి, ఫ్యాన్ లేనిదైతే 25 శాతం.

షాపాయన బయట రేకుని గుడ్డతో తుడిచి తుడిచి చూపిస్తున్నాడు. బయట రేకు ఎలా ఉంటే నాకేంటి? నిప్పుండే లోపలి గిన్నె చూడాలి. ఫోన్ టార్చి వేసి తల లోపల పెట్టి చూశా. కింద జాలీ, పైఅంచు దగ్గర చుట్టూ బెజ్జాల వరస. ఈ పై బెజ్జాలే పొయ్యికి ప్రాణం. పెల్లెట్లు వేడెక్కి వదిలే పొగకి ఆ బెజ్జాల్లోంచి వచ్చే గాలి తగిలితే అది మంటై కాలుతుంది, తగలకపోతే మన కళ్లలోకి వస్తుంది. నేను చూసినదాంట్లో నాలుగైదు బెజ్జాలు మసితో పూడుకుపోయి ఉన్నాయి, మిగతావి గుండ్రంగానే ఉన్నాయి. గిన్నె సొట్ట పడలేదు. స్క్రూడ్రైవర్‌తో తడితే ఖంగుమంది, పొరలు రాలలేదు. ఫ్రిజ్‌కి అతికించే అయస్కాంతం ఒకటి వెంట తీసుకెళ్లా. బయటి బాడీకి టక్కున పట్టుకుంది, లోపలి గిన్నెకి పట్టుకోలేదు. అంటే లోపల మంచి స్టీలే వేశారు. గిన్నెకీ బాడీకీ మధ్య దూదిలా తెల్లటి సిరామిక్ పొర ఉంటుంది. అది చిరిగి బయటికి కనిపిస్తుంటే మాత్రం చేత్తో ముట్టుకోకండి, దాని దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇక ఫ్యాను. "కొత్త ఫ్యానమ్మా, నెల కూడా కాలేదు" అన్నాడు. ఆడించమంటే కరెంటు లేదన్నాడు. పక్క షాపులో గ్రైండర్ తిరుగుతోంది మరి! ఆ మాటే అడిగి, ఫ్యాను లేదనుకునే బేరం చేశా. 9 వేలు చెప్పింది 6,500కి ఇచ్చాడు. ఇంటికొచ్చి విప్పితే వైరుకి మూడు చోట్ల టేపు, రెక్కలకి వేలెడు మసి, తిప్పితే కీచుమని ఏడుపు. ఫోన్ చేస్తే "పాత సామాను మీద గ్యారంటీ ఎక్కడుంటుందమ్మా" అన్నాడు. పాతదని తెలిసే కొన్నాను, కొత్తదని చెప్పింది ఆయన. రెండు మార్కులు అందుకే. 12 వోల్టుల బ్లోయర్ ఎలక్ట్రానిక్స్ షాపులో 450కి దొరికింది, అడాప్టరు ఇంట్లో పాతది ఉంది.

బిగించేటప్పుడు అసలు పంచాయితీ మొదలైంది. వంటింట్లో పెట్టే ప్రశ్నే లేదు. వెనక వరండా మూడు వైపులా తెరిచే ఉంటుంది, పైన జీఐ రేకులు. అయితే అంటించిన మొదటి నాలుగైదు నిమిషాలు పొగ వస్తుంది, అది నేరుగా పక్కింటి మేడ మీద ఆరేసిన బట్టల మీదికి పోతుంది. పక్కింటావిడతో నాకు గొడవలు వద్దు. కాబట్టి పొయ్యి పైన రేకు గొడుగు, దాని నుంచి గొట్టం వేయించాలనుకున్నాం. మా ఆయన "రేకు కొయ్యొద్దు, వానొస్తే కారతాది, గొట్టం పక్కకి వంచి బయటికి తీసెయ్" అన్నాడు. వెల్డింగ్ తమ్ముడు నవ్వాడు. "అన్నా, పొగకి పైకి పోయేది తెలుసు, పక్కకి పోయేది తెలీదు. అడ్డంగా పెడితే మొత్తం అక్క ముఖానికే కొడతాది." నేను తమ్ముడి పక్షం.

గొట్టం నిటారుగా పోయింది, రేకు మీద మూడడుగుల ఎత్తు వరకు. గొట్టానికీ రేకుకీ మధ్య కాస్త ఖాళీ వదిలి, ఆ ఖాళీ మీద గొట్టం చుట్టూ లంగాలా ఒక రేకు పట్టీ వెల్డ్ చేశాడు. వాన నీళ్లు దాని మీద నుంచి జారిపోతాయి. పైన టోపీ. నవంబరు వానల్లో కూడా చుక్క కారలేదు. మా ఆయన ఇప్పటికీ వాన వచ్చినప్పుడల్లా వెళ్లి పైకి చూసి వస్తాడు, పాపం. గొడుగు, గొట్టం, కూలీ కలిపి 4,200 అయింది. మీ వరండాకి సిమెంటు రేకులు ఉంటే ఇలా కోయించకండి. వాటిలో చాలావరకు ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము పీల్చకూడదు.

కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, ఫ్యాను ఆగితే పొగ మొదలు. సగం కాగిన నూనె కడాయి పైన ఉన్నప్పుడు ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. దీనికి మేనల్లుడే దారి చూపించాడు. వైఫై రూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ కూడా 12 వోల్టులే. బ్లోయర్‌కి కావలసినన్ని ఆంపియర్లు అది ఇవ్వగలదో లేదో చూసుకుని తగిలించాం. గాజు తలుపు మాట క్షమించేశా.

పెల్లెట్ల విషయంలో బద్ధకం పనికిరాదు. మా వైపు రంపపు పొట్టువీ, శనక్కాయ పొట్టువీ వస్తాయి. శనక్కాయవి కిలోకి రెండు రూపాయలు తక్కువ, కానీ బూడిద ఎక్కువ. అది కరిగి జాలీ మీద గట్టి పెచ్చులు కడుతుంది, పనయ్యాక ఇనుప చువ్వతో గోకాలి. నేను రంపపు పొట్టువే వాడుతున్నా, ఇంటికి చేర్చి కిలో 14 రూపాయలు. మంచిదో కాదో చూడాలంటే ఒకటి నీళ్ల గ్లాసులో వేయండి. గట్టిగా నొక్కి చేసినదైతే మునుగుతుంది, తేలితే ఆ బస్తా వద్దు. చెమ్మ తగిలితే పిండి పిండి అయిపోతాయి, అందుకే నూనె డ్రమ్ములో పోసి మూత పెడతా.

లెక్కకి వస్తే, కిలో గ్యాస్‌లో దాదాపు 11 వేల కిలోకేలరీల వేడి, కిలో పెల్లెట్లలో 4 వేలకి అటూఇటూ. పొయ్యి అంటుకునేలోపు, ఆరేలోపు పోయే వేడి కూడా వేసుకుంటే కిలో గ్యాస్ పనికి నాకు నాలుగు కిలోల పెల్లెట్లు పడుతున్నాయి, అంటే 56 రూపాయలు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ నాకు 1,900 దాకా పడింది, కిలో వంద. ఇంటి సిలిండర్‌తో పోల్చి నష్టమనకండి, వ్యాపారానికి అది వాడకూడదు.

మురుకులకి, బూందీకి ఈ మంట చాలా బాగుంది. ఫ్యాను రెగ్యులేటర్ ఒక చోట పెడితే నూనె వేడి అలాగే నిలబడుతుంది, వాయి వాయికీ రంగు మారదు. ఓళిగల పూర్ణానికి శనగపప్పు పెద్ద డేగిసాలో పడేసి వేరే పని చూసుకోవచ్చు. గిన్నె అడుగు కట్టెల పొయ్యి మీద అయినంత నల్లబడదు. అరిసెల పాకం మాత్రం దీని మీద పెట్టనే పెట్టను. పాకం ఉండకట్టిన క్షణంలో మంట ఆగాలి. దీనికి ఫ్యాను ఆపినా కింద నిప్పులు ఆగవు, పైగా తెల్ల పొగ లేస్తుంది. దానికి గ్యాసే.

పక్క గొట్టంలో ఒకేసారి దోసెళ్లతో పోస్తే నిప్పు వెనక్కి పాకి గొట్టంలోకి వస్తుంది. చిన్న మగ్గుతో కొంచెం కొంచెం పోసి మూత వేసేయాలి. పనయ్యాక నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్న పొయ్యిని గదిలోకి లాక్కుని తలుపేసుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మాది వరండాలోనే చల్లారుతుంది.

పోయిన దీపావళి ముందు పెల్లెట్లకి కటకట వచ్చింది. వానలకి పొట్టు ఆరక మిల్లు ఆయన సరుకు ఇవ్వలేకపోయాడు, వారం రోజులు మళ్లీ గ్యాస్ మీద పడ్డాను. ఈసారి సెప్టెంబరులోనే ఎండిన సరుకు పది బస్తాలు కావాలని 500 అడ్వాన్స్ ఇచ్చి పెట్టా, ఇంకో డ్రమ్ము కూడా చూస్తున్నా.