కింగ్స్ క్రాస్‌లో దిగితే ఆ గడియారం దగ్గర ఒక్క నిమిషం ఆగండి

అమ్మని తీసుకుని లండన్‌లో ఎనిమిది రోజులు ఉండొచ్చాం. ఎక్కడ దిగారు, పెద్దవాళ్ళతో తిరగడానికి వీలుగా ఉంటుందా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా, కాకపోతే ఇందులో సగం ఒక్క స్టేషన్ గురించే ఉంటుంది, ఎందుకంటే మా తిరుగుడంతా దాని చుట్టూనే సాగింది. కింగ్స్ క్రాస్ సెయింట్ పాంక్రాస్.

ముందు బస సంగతి. స్టేషన్‌కి దక్షిణం వైపు వీధుల్లో పాత ఇళ్ళనే చిన్న చిన్న హోటళ్ళు చేశారు, రేటు తక్కువ కదా అని మేమూ ఒకదాంట్లో రెండు రాత్రులు బుక్ చేసుకున్నాం. లిఫ్ట్ ఉందని బుకింగ్‌లో రాసుంది, తీరా వెళ్తే లేదు. మూడో అంతస్తు, మెట్లు నిచ్చెన వేసినట్టు నిటారుగా ఉన్నాయి, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. పైకెక్కి మంచం మీద కూలబడి "ఒరేయ్, రేపు పొద్దున దాకా నన్ను కిందకి దించకురా" అంది. అడిగితే సారీ అన్నారు, అంతే. మూడో రోజు యూస్టన్ రోడ్ మీద లిఫ్ట్ ఉన్న హోటల్‌కి మారిపోయాం, రాత్రికి ఇంచుమించు రెట్టింపు పడింది గానీ ఆ డబ్బు పెట్టినందుకు నాకేం బాధ లేదు. పెద్దవాళ్ళు వెంట ఉంటే లిఫ్ట్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

తిండికి ఇబ్బంది లేదు. యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమ్మండ్ స్ట్రీట్ అని ఉంది, మెల్లగా నడిస్తే ఇరవై నిమిషాలు, శాకాహారం హోటళ్ళు వరసగా ఉంటాయి, దోసె, థాలీ, చాట్ అన్నీ దొరుకుతాయి. సాంబారు కొంచెం తియ్యగా ఉంది కానీ ఆ చలిలో వేడివేడిగా తింటుంటే ప్రాణం లేచొచ్చింది. సిటీ బస్సుల్లో నోట్లు, చిల్లర తీసుకోరు, కార్డు టచ్ చేయాల్సిందే, ఇది ముందే తెలిసుండాలి.

ఇక స్టేషన్. మన హైదరాబాద్ మెట్రో మొదటి దశ అంతా పిల్లర్ల మీదే కదా, అమ్మకి భూమి కింద రైలు అంటేనే వింత. 1863 జనవరి 10న ప్రపంచంలో మొదటి భూగర్భ రైల్వే పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా మొదలైనప్పుడు దారిలో ఉన్న స్టేషన్లలో ఇదొకటి, అప్పుడు ఆవిరి ఇంజన్లే, సొరంగంలో ఆ పొగలోనే ప్రయాణం. తర్వాత 1906లో పికాడిల్లీ, 1907లో ఇప్పటి నార్తర్న్, 1968లో విక్టోరియా లైన్ కలిశాయి, ఇప్పుడు మొత్తం 6 లైన్లు ఇక్కడ ఆగుతాయి. లైన్లు పెరుగుతూ పోయాయి, జనం పెరుగుతూ పోయారు, పైన ఉన్న టికెట్ హాలు మాత్రం అంత జనానికి సరిపోలేదు.

1987 నవంబర్ 18 సాయంత్రం, ఆఫీసుల రద్దీ తగ్గుతున్న టైం. పికాడిల్లీ లైన్ ఎస్కలేటర్ మెట్లు చెక్కవి. స్టేషన్ లోపల పొగ తాగకూడదని అప్పటికి రెండేళ్ళ ముందే రూల్ పెట్టినా, బయటికెళ్తూ ఎస్కలేటర్ మీదే సిగరెట్ వెలిగించుకునే అలవాటు పోలేదు. అలా ఎవరో పడేసిన అగ్గిపుల్ల సందులోంచి కిందకి జారి, అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజు, చెత్త అంటుకున్నాయి. చూసినవాళ్ళకి మొదట చిన్న మంటే, ఏడూ నలభై ఐదుకి మాత్రం ఒక్కసారిగా టికెట్ హాలంతా అగ్గి కమ్మేసింది. 31 మంది పోయారు. వాళ్ళలో ఫైర్ ఆఫీసర్ కోలిన్ టౌన్స్‌లీ ఒకరు, ఊపిరి పీల్చుకునే పరికరం కూడా లేకుండా లోపల ఉన్నాడాయన, ఒక ప్రయాణికురాలికి సాయం చేయబోయి ఆగిపోయి ఉంటాడని అంటారు. చనిపోయినవాళ్ళలో ఒకతను ఎవరో తెలుసుకోడానికి 2004 దాకా పట్టింది. అది చదివి నాకు చాలాసేపు మనసు మనసులో లేదు.

మంట అంత వేగంగా ఎలా పాకిందో ముందు ఎవరికీ అంతుపట్టలేదు. కంప్యూటర్ లెక్కలేమో మంట పైకి లేవకుండా మెట్ల గాడిలోనే పడుకుని పైకి దూసుకుపోయిందని చూపించాయి, అది నమ్మబుద్ధి కాక మూడో వంతు సైజులో నమూనా కట్టి నిజంగా కాల్చి చూస్తే అలాగే జరిగింది. ఈ ప్రమాదం మీద ప్రభుత్వం వేయించిన ఫెన్నెల్ విచారణ 157 సిఫార్సులు చేసింది. లండన్ ట్యూబ్‌లో, అంటే ఈ భూగర్భ రైళ్ళ వ్యవస్థలో, ఆఖరి చెక్క ఎస్కలేటర్‌ని తీసేసింది మాత్రం 2014లో.

ఇరుకు తగ్గించడానికి కొత్త టికెట్ హాళ్ళు కట్టారు, వెస్టర్న్ హాలు 2006లో, నార్తర్న్ హాలు 2009లో, మొత్తం 80 కోట్ల పౌండ్ల పైనే అయింది. పక్కనే ఉన్న సెయింట్ పాంక్రాస్ రైల్వే స్టేషన్‌కి 2007లో యూరోస్టార్, అంటే సముద్రం కింద నుంచి పారిస్ వెళ్ళే రైలు, వచ్చింది కాబట్టి ఆ రద్దీ కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇప్పుడు వీధి నుంచి ప్లాట్‌ఫామ్ దాకా లిఫ్టుల్లోనే వెళ్ళొచ్చు, ఎనిమిది రోజుల్లో అమ్మ ఇక్కడ ఒక్క మెట్టు ఎక్కలేదు. నడక మాత్రం ఎక్కువ, లైన్ మారాలంటే పది నిమిషాలు చేతిలో పెట్టుకోండి. పైన కింగ్స్ క్రాస్ రైల్వే స్టేషన్‌లో 2012లో వేసిన తెల్లటి గొడుగులాంటి కప్పు ఉంది, దాని కింద కూర్చోడానికి బాగుంటుంది, టాయిలెట్లు ఫ్రీ. హీత్రో ఎయిర్‌పోర్ట్‌కి పికాడిల్లీ లైన్‌లో మారకుండా వెళ్ళిపోవచ్చు, గంట పడుతుంది.

అక్కడి హ్యారీ పోటర్ కథల ప్లాట్‌ఫామ్ దగ్గర ఫోటోకి పెద్ద లైను, మేం వదిలేశాం. దాని బదులు వెనక గ్రానరీ స్క్వేర్‌కి వెళ్ళండి, కాలవ గట్టు మీద నడవొచ్చు, పాత గ్యాస్ ట్యాంకుల ఇనప చట్రాల్లో అపార్ట్‌మెంట్లు కట్టారు, అదొక చూడాల్సిన వింత.

చనిపోయినవాళ్ళ గుర్తుగా టికెట్ హాల్లో ఒక ఫలకం, పెద్ద గడియారం పెట్టారు. రోజూ దాని పక్క నుంచే వెళ్ళినా మాకు తెలీలేదు, ఆఖరి సాయంత్రం వెతుక్కుంటూ వెళ్ళాం. ఫలకం మీదది నేను చదివి తెలుగులో చెప్పాను. అమ్మ చేతిలో కవర్లు కింద పెట్టి దణ్ణం పెట్టుకుంది. తర్వాత లిఫ్ట్ వైపు తిరగబోతుంటే, ఇవాళ ఎస్కలేటర్ మీద దిగుదాం అంది. రైలింగ్ పట్టుకుని, కిందకి వంగి మెట్టు చూసి "అప్పుడు ఇదంతా చెక్కేనా?" అని అడిగింది.

అవునమ్మా, ఇప్పుడు ఇనుమే అన్నాను.