ఏడు సీజన్లు నన్ను మోసిన వేటగుర్రం: అమ్మే ముందు నా మాట

వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో, తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన యాష్‌బర్న్‌కు పడమటి వైపు, నక్కల వేటకు పేరుపడిన పచ్చికబయళ్లు ఉన్నాయి. అక్కడ ఏడు సీజన్ల పాటు నన్ను మోసిన ఆడగుర్రాన్ని, నా మోకాళ్లు ఇక సహకరించక, ఇప్పుడు అమ్ముతున్నాను. ఐరిష్ డ్రాఫ్ట్, థరోబ్రెడ్ జాతుల సంకరమైన దీనిని ఆరో ఏట కొన్నాను. ఇప్పుడు దానికి 14 ఏళ్లు, ఎత్తు 16 హ్యాండ్స్, అంటే 64 అంగుళాలు.

చూడడానికి వచ్చినవారంతా ముందుగా ఎంత ఎత్తు దూకుతుందని అడుగుతున్నారు. గుర్రాలు దూకి దాటేందుకు కంచెల మీద ఇరువైపులా వాలుగా కట్టే మూడడుగుల చెక్క అడ్డంకులను, అంటే కూపులను, ఇది తడబడకుండా దాటుతుంది. అయితే వేటగుర్రానికి దూకడం కన్నా నిలబడడం ముఖ్యమని నా అనుభవం. కుక్కలు వాసన తప్పి పొదల్లో వెతుకుతున్నంతసేపూ, చలిగాలిలో, ముప్పై గుర్రాల మధ్య ఓపికగా నిలిచి ఉండాలి. ఇది పగ్గాలు వదిలితే మెడ దించి, ఒక వెనుక కాలు సడలించి నిలుచుంటుంది. ఒక నవంబరు ఉదయం వేటకుక్క ఒకటి దీని పొట్ట కింద నుంచి దూరి అవతలికి పోయింది; ఇది చెవి వెనక్కి తిప్పిందే గాని గిట్ట ఎత్తలేదు. తన్నే గుర్రాల తోకకు ఎర్ర రిబ్బను కడతారు. దీనికి ఆ అవసరం ఏనాడూ రాలేదు.

లోపాలు కూడా చెబుతాను. తొలి అరగంట పగ్గాలను బలంగా లాగుతుంది కనుక స్వారీ కొత్తగా నేర్చుకుంటున్నవారికి దీనిని ఇవ్వను. మూడేళ్ల క్రితం కుడి ముందుకాలి స్నాయువు దెబ్బతిని, తొమ్మిది నెలలు విశ్రాంతిలో ఉంది. తరువాత రెండు సీజన్లు పూర్తిగా పరుగెత్తినా కుంటలేదు. అప్పటి అల్ట్రాసౌండ్ చిత్రాలు ఇస్తాను.

నాకు దీనిని అమ్మిన వ్యాపారి, ఇది ట్రైలర్ ఎక్కదన్న సంగతి దాచాడు. మొదటి వేటనాడు చీకట్లో గంటన్నర బతిమాలి ఎక్కించి తీసుకువెళ్లేసరికి అందరూ బయలుదేరిపోయారు. ఆ బాధ ఇంకా మరువలేదు. వారాల తరబడి ట్రైలర్‌లోనే దాణా పెట్టి ఆ భయం పోగొట్టాను. ఇప్పుడు తాడు మెడ మీద వేస్తే తానే ఎక్కుతుంది. అయినా కొనేవారు వచ్చి తమ చేతులతోనే ఎక్కించి చూడాలి, తమకు నచ్చిన పశువైద్యుడి చేత కాళ్లు, గుండె, కళ్లు పరీక్ష చేయించుకోవాలి, వీలైతే ఒక రోజు వేటకు తీసుకువెళ్లాలి. గుర్రాలకు సోకే అంటు రక్తహీనత వ్యాధి లేదని చూపే కాగిన్స్ రక్తపరీక్ష పత్రం సిద్ధంగా ఉంది.

ధర విషయంలో మాట్లాడుకోవచ్చు. ఎప్పుడైనా దీనిని ఉంచుకోలేని పరిస్థితి వస్తే, మరొకరికి అమ్మే ముందు నాకు కబురు చేస్తామని రాసి ఇచ్చేవారికే ఇస్తాను.