లండన్ మీదుగా ఇండియాకి: ఈటీఏనా, వీసానా, ఎయిర్‌పోర్టు దాటకుండా ఉండటమా? ఏది మేలు?

2025 వేసవిలో డాలస్ నుంచి హైదరాబాద్ వెళ్తూ, పిల్లలకి లండన్ చూపిద్దామని మధ్యలో మూడు రోజులు ఆగాం. నాకూ ఇద్దరు పిల్లలకీ అమెరికా పాస్‌పోర్టులు. మా ఆవిడది ఇండియన్ పాస్‌పోర్టు, చేతిలో గ్రీన్‌కార్డు. నలుగురం ఒకే విమానంలో వెళ్ళి ఒకే గదిలో దిగాలి, కానీ ముగ్గురికి ఫోన్లో పది నిమిషాల పని, ఒకరికి వారాల టెన్షన్. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో సగం ఇలాగే ఉంటాయి కాబట్టి, అప్పుడు నేను నేర్చుకున్నదంతా రాస్తున్నాను.

ముందు ఒక అపోహ పోవాలి. ఈటీఏ (వీసా అక్కర్లేని దేశాలవాళ్ళు బ్రిటన్ వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) కావాలా వీసా కావాలా అన్నది మనం ఎంచుకునేది కాదు, పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టులకి 2025 జనవరి 8 నుంచి ఈటీఏ అడుగుతున్నారు, యూరప్ వాళ్ళకి ఏప్రిల్ 2 నుంచి. ఇండియన్ పాస్‌పోర్టుకి ఈటీఏ లేదు, గ్రీన్‌కార్డు ఉన్నా, దుబాయ్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా లేదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డుకి ఇక్కడ పనేమీ లేదు. మరి ఎంచుకునేది ఎక్కడ అంటే, లండన్‌లో బయటికి వెళ్ళాలా వద్దా, వెళ్తే ఎన్నాళ్ళు, వీసా వేస్తే ఎన్నేళ్ళది అన్న దగ్గర.

ఈటీఏ సంగతి తేలిక. 2023 నవంబర్‌లో ఖతార్ వాళ్ళతో మొదలుపెట్టినప్పుడు 10 పౌండ్లు ఉండేది, 2025 ఏప్రిల్ 9న 16 చేశారు, పిల్లలకి మేం కట్టింది అదే. ఇలా పెంచుతూ ఉంటారు కాబట్టి కట్టే రోజు ప్రభుత్వ సైట్లోనే రుసుము చూసుకోండి. రెండేళ్ళు పనిచేస్తుంది, ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు, వెళ్ళినప్పుడల్లా ఆరు నెలల వరకూ ఉండొచ్చు. ఉద్యోగం చేయకూడదు. చంటిపిల్లకైనా విడిగా తీసుకోవాల్సిందే. ఫోన్లో యాప్ పెట్టుకుని పాస్‌పోర్టు స్కాన్ చేసి, ముఖం ఫోటో తీసి, నేరాల గురించి అడిగిన నాలుగు ప్రశ్నలకి జవాబిస్తే అయిపోతుంది. మూడు పనిదినాలు పట్టవచ్చంటారు, మాకు అదే రోజు వచ్చింది. పాస్‌పోర్టు మారితే మాత్రం ఈటీఏ పోయినట్టే, కొత్తది తీసుకోవాలి. పదహారేళ్ళలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుంది కాబట్టి ముందు దాని గడువు చూడండి, ఆరు నెలల్లో అయిపోయే పాస్‌పోర్టు మీద ఈటీఏ తీసుకుంటే డబ్బు దండగ.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను, మీరు చేయకండి. సెర్చ్‌లో పైన కనిపించిన సైటు తెరిచి, రంగులూ ముద్రలూ చూసి ప్రభుత్వానిదే అనుకుని నా వరకు కట్టేశాను. అది మధ్యవర్తి సైటు, అసలు రుసుముకి ఎన్నో రెట్లు గుంజారు, ఆ డబ్బు తిరిగి రాలేదు. పిల్లలవి నేరుగా యాప్‌లో చేశాను.

మా ఆవిడ విజిటర్ వీసా కథ వేరు. ఆరు నెలల దానికి అప్పట్లో 127 పౌండ్లు, అంటే మా ముగ్గురి ఈటీఏలకి అసలు రుసుము చూస్తే అయ్యే 48 పౌండ్లకి రెండున్నర రెట్లకి పైన. డబ్బు కంటే పని ఎక్కువ: ఆన్‌లైన్ ఫారంలో పదేళ్ళ ప్రయాణాలన్నీ గుర్తుచేసుకుని రాయడం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు, తర్వాత అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళి వేలిముద్రలు. నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు అంటారు, ఆ మూడు వారాలూ పాస్‌పోర్టు మన దగ్గర లేకపోతే ఇండియా నుంచి ఏ కబురు వస్తుందోనని గుండెల్లో గుబులే. వీసా రాకపోయినా డబ్బు వెనక్కి రాదు.

పొడవు వీసాల లెక్క కూడా చెప్పాలి. అప్పటి ధరల్లో రెండేళ్ళది 475, ఐదేళ్ళది 848, పదేళ్ళది 1,059 పౌండ్లు. ఏ వీసా అయినా ఒక్కో రాకకి ఆరు నెలలే. రెండేళ్ళ వీసా ధర దాదాపు నాలుగు ఆరు నెలల వీసాలతో సమానం, రెండేళ్ళలో నాలుగు విడతలుగా లండన్ వెళ్ళే పని మనలో ఎవరికి ఉంటుంది? నా దృష్టిలో అది ఎవరికీ గిట్టదు. కూతురో కొడుకో అక్కడ స్థిరపడి ఏటా వెళ్ళొచ్చే అమ్మానాన్నలకైతే పదేళ్ళదే మేలు, డబ్బు కొంత మిగలడం ఒకటైతే, ఏటేటా ఆ కాగితాలన్నీ మళ్ళీ పోగేసి ఈసారి ఇస్తారో ఇవ్వరో అని ఎదురుచూసే బాధ తప్పుతుంది. మాలాగా ఒక్కసారి చూసొచ్చేవాళ్ళకి ఆరు నెలలది చాలు.

ఇక మూడో దారి, ఇమిగ్రేషన్ దాటకుండా లోపలే ఉండి హైదరాబాద్ విమానం ఎక్కేయడం. లండన్ హీత్రో ఎయిర్‌పోర్టులో అలా విమానం మారేవాళ్ళకి ఈటీఏ అక్కర్లేదు. చెల్లే అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉన్న ఇండియన్ పాస్‌పోర్టు వాళ్ళకి ట్రాన్సిట్ వీసా కూడా అక్కర్లేదు. లేఓవర్ (విమానాల మధ్య ఆగే సమయం) నాలుగైదు గంటలే అయితే ఇదే హాయి. కానీ అంతా ఒకే టికెట్టు మీద ఉండాలి. చవకగా వస్తుందని రెండు టికెట్లు విడివిడిగా కొంటే, సామాను బయటికి వెళ్ళి తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాల్సి రావచ్చు. హీత్రోలో దిగి లండన్‌లోనే ఇంకో ఎయిర్‌పోర్టయిన గాట్విక్‌లో ఎక్కాలన్నా బయటికి రావాల్సిందే. బయటికి అడుగు పెట్టాలంటే మామూలుగా పాస్‌పోర్టును బట్టి ఈటీఏ గానీ వీసా గానీ ఉండాలి.

అందుకే నా మాట ఇది: అమెరికా పాస్‌పోర్టు ఉంటే, లోపలే ఉండిపోదామనుకున్నా సరే ఈటీఏ తీసుకోండి. మంచు పడి విమానం రద్దయి రాత్రికి హోటల్‌కి పొమ్మంటే, పిల్లలతో కుర్చీల్లో పడుకునే అవస్థ ఉండదు.

గ్రీన్‌కార్డు వాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది: విమానంలో వచ్చి, కన్ఫర్మ్ అయిన టికెట్టుతో మరుసటి రోజు అర్ధరాత్రిలోపు విమానంలోనే వెళ్ళిపోయేటట్టయితే వీసా లేకుండా బయటికి రానివ్వచ్చు. అది ఇమిగ్రేషన్ ఆఫీసరు ఇష్టం, హక్కు కాదు. ఒంటరిగా వెళ్తుంటే ఒక రాత్రికి నేనైనా ప్రయత్నిస్తాను, కుటుంబంతో హోటల్ బుక్ చేసుకుని మాత్రం దాన్ని నమ్ముకోను. రైల్లో పారిస్ వెళ్ళొద్దామన్నా ఈ వెసులుబాటు పనికిరాదు, పైగా ఇండియన్ పాస్‌పోర్టుకి షెంజెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి చెల్లేది) విడిగా వేయాలి, అది పెద్దవాళ్ళకి 90 యూరోలు. మేం అందుకే పారిస్ మానేశాం.

హెచ్‌1బి (అమెరికా ఉద్యోగ వీసా) వాళ్ళు బాగా జాగ్రత్తపడాలి. స్టాంపింగ్ (పాస్‌పోర్టులో అంటించే వీసా) గడువు అయిపోయి, అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆమోద పత్రం ఐ-797 మాత్రమే చేతిలో ఉండి, ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకుందామనుకునే వాళ్ళు లండన్ టికెట్టు కొనేసి చెకిన్ కౌంటర్ దగ్గర ఇరుక్కుంటారు. ఐ-797 వీసా కాదు. అలాంటివాళ్ళకి దోహా, దుబాయ్ దారే మంచిది, ఐదు వేలో పది వేలో ఎక్కువైనా. హైదరాబాద్ నుంచి వచ్చే అమ్మానాన్నలకి లండన్ దారి బాగుంటుంది, వీల్‌చెయిర్ ముందే చెప్పి, ఒకే టికెట్టు మీద, మూడు గంటలకి తగ్గని లేఓవర్ చూడండి. వాళ్ళ అమెరికా వీసా తిరుగు ప్రయాణం రోజు వరకూ చెల్లుతుందో లేదో టికెట్టు కొనకముందే తీసి చూడండి, ఇక్కడ ఉండగా వీసా గడువు దాటితే తిరిగి వెళ్ళేటప్పుడు అదే చిక్కు రావచ్చు.