కొత్త కతానా చేయించుకోవడం: షిన్సకుతోపై సమీక్ష

కొత్త కతానా, అంటే జపాన్ పొడవాటి వంపు కత్తి, చేతికి రాగానే పిడిని పట్టి ఉంచే మెకుగి అనే వెదురు మేకును తోసి, పిడి ఊడదీసి, అలుగు మొదట్లో ఉండే హబాకి అనే లోహపు పట్టీని మెల్లగా జార్చి ఆ చోట వాదరను చూడండి. అక్కడి నుంచి పైకి కొన్ని సెంటీమీటర్ల మేర పదును ఉండదు, అంచు మందంగా, నిండుగా కనిపిస్తుంది. దీన్నే ఉబుహా అంటారు. చాలాసార్లు సానకు వెళ్లొచ్చిన పాత కత్తిలో ఇది మిగలదు. సానరాయి మీదికి ఎక్కిన ప్రతిసారీ ఉక్కు ఎంతో కొంత రాలుతుంది. అలా రాలగా రాలగా కవగనే అనే గట్టి పైపొర పలచబడి, లోపలున్న షింగనే అనే మెత్తటి ఉక్కు మచ్చలు మచ్చలుగా బయటపడుతుంది. ఇప్పుడు పనిచేస్తున్న కమ్మరి చేతి కత్తిని, అంటే షిన్సకుతోను, కొనడానికి మొదటి కారణం ఈ నిండుతనమే. దాని ఒంటి మీద ఒక్క చుట్టు ఉక్కు కూడా ఇంకా పోలేదు.

ధర మాత్రం తేలిక కాదు. పేరున్న కమ్మరి చేత పొడవాటి కతానా చేయించుకుంటే, సాన, హబాకి, షిరసాయ అనే చెక్క ఒర కలుపుకుని పది లక్షల యెన్‌ల పైమాటే. ఎందుకంత అంటే, చట్టం ముందే గేటు వేసి పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆగిపోయిన తయారీకి 1953లో లైసెన్సు పద్ధతి మీద మళ్లీ దారి తెరిచారు. లైసెన్సున్న గురువు దగ్గర కనీసం 5 ఏళ్లు శిష్యరికం చేసి, ఆపైన బుంకాచో అనే ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ పెట్టే 8 రోజుల శిక్షణలో నెగ్గినవాడే కత్తి కొట్టాలి. నెగ్గినా నెలకు పొడవాటివి 2, లేదంటే పొట్టివి 3, అంతకు మించి చేయకూడదు. అంటే ఎంత కష్టపడే కమ్మరైనా ఏడాదికి 24 పొడవాటి కత్తులు దాటడు. అందులోనూ పగిలి పక్కన పడేసేవి ఉంటాయి.

ఉక్కు కూడా బజారులో దొరికే సరుకు కాదు. షిమానే ప్రాంతంలోని ఒకుఇజుమోలో, జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం ఎన్‌బీటీహెచ్‌కే 1977లో మళ్లీ రాజేసిన నిత్తోహో తతారా కొలిమి నుంచి వస్తుంది. చలికాలంలోనే నడుస్తుంది. మూడు పగళ్లు, మూడు రాత్రులు మట్టి కొలిమిలో సుమారు 10 టన్నుల ఇనుప ఇసుక, 12 టన్నుల బొగ్గు పోస్తే చివరికి దొరికేది రెండున్నర టన్నుల ముద్ద. ఆ ముద్దలో కత్తికి పనికొచ్చే తమహగనే కొంత భాగమే. కమ్మరి దాన్ని పలకలుగా సాగగొట్టి, నీళ్లలో ముంచి, ముక్కలు చేసి, విరిగిన చోట మెరుపు చూసి ఏరుకుంటాడు. ఏరిన ముక్కలను పేర్చి, వరిగడ్డి బూడిదా మట్టినీళ్లూ పట్టించి కాల్చి, మడిచి, మళ్లీ కొడతాడు. పైపొరకు పది పదిహేను మడతలు పడతాయి. 15 మడతలంటే 32,768 పొరలు. ప్రతి మడతకూ నిప్పురవ్వల రూపంలో బరువు పోతుంది, కర్బనమూ పోతుంది. మొదట 1 శాతం పైన ఉన్న కర్బనం చివరికి 0.6, 0.7 శాతానికి వచ్చి ఆగాలి. అక్కడ ఆపడం తెలియడమే చేతివాటం. ఇంకా మడిస్తే వాదర పదును పట్టదు, ఒంటి మీద హదా కూడా చెరిగిపోతుంది.

కొత్త కత్తుల మీద మా అసలు ఫిర్యాదు ఈ హదా గురించే. హదా అంటే మడతల వల్ల ఉక్కులో తేలే రేఖలు, చెక్క కోసినప్పుడు కనిపించే నార లాంటివి. అలల్లాంటివి ఇతమే, కణుపుల్లాంటివి మొకుమె, నిలువు గీతలు మసమే. షిన్సకుతోల్లో చాలావాటికి ఈ రేఖలు ఎంత దగ్గరగా అణిగిపోతాయంటే, దూరం నుంచి చూస్తే ఒట్టి అద్దంలా ఉంటుంది. పాత బిజెన్ ప్రాంతపు కత్తుల్లో హమోన్ అనే వాదర వెంటి గీతకు పైన పొగమంచులా కనిపించే ఉత్సురి అనే నీడ ఇప్పటివాళ్లలో బహు కొద్దిమందికే అబ్బింది. ఉత్సురి వస్తుందని అమ్మేవాడు మాటిస్తే, ఆ కమ్మరి ఇదివరకు చేసిన కత్తిని చూపించమని అడగాలి. ఫొటో సరిపోదు, ఎందుకంటే అది ఒకే కోణంలో తేలి, ఇంకో కోణంలో మాయమవుతుంది.

హమోన్ విషయంలో మోసపోవడం ఇంకా సులువు. కత్తిని ఎదురుగా పెట్టుకుని చూస్తే వాదర పొడవునా కనిపించే తెల్లటి అలలు చాలావరకు సానకారుడు గీసినవి. పలచటి హజుయ రాతిముక్కను బొటనవేలి కింద పెట్టుకుని రుద్దుతూ, ఉక్కులో ఉన్న హమోన్ వెంట తెలుపు తేలుస్తాడు. ఆ పనిని హదోరి అంటారు. అది అలంకారం. అసలు హమోన్ చూడాలంటే గదిలో దీపాలన్నీ ఆర్పి, ఒక్క మామూలు బల్బు మాత్రం వెలిగించి, మొనను దాని వైపు చాచి, బల్బు ప్రతిబింబం ఉక్కు మీద మెరిసే చోటికి కాస్త పక్కన చూపు నిలపాలి. అప్పుడు తెల్లటి పూత వెనక్కి తగ్గి, లోపలి నుంచి వెలుగు గీత లేస్తుంది. గింజలు విడివిడిగా కంటికి ఆనితే అది నియె. గింజ తెలియకుండా మంచుతెరలా పరుచుకుంటే అది నియోయి. ఆ గీత హబాకి దగ్గర మొదలై మొన దాకా ఎక్కడా తెగకూడదు, మసకబారకూడదు. మొనలో ఉండే హమోన్‌ను బోషి అంటారు. హమోన్ అక్కడ అంచు దాటి బయటికి పోతే ఆ కత్తి ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి. మళ్లీ సానపడితే మొనకు పదునే మిగలదు.

ఈ గీత పుట్టేదీ, కత్తి చచ్చేదీ ఒకే క్షణంలో. బంకమట్టి, బొగ్గుపొడి, రాతిపొడి కలిపిన ముద్దను వెన్ను మీద మందంగా, వాదర మీద పలచగా పూసి, చీకట్లో రంగు చూసి 750, 800 డిగ్రీల మధ్య కాల్చి నీళ్లలో ముంచుతారు. వాదర గబుక్కున చల్లారి గట్టిపడి ఉబ్బుతుంది, వెన్ను నింపాదిగా చల్లారుతుంది, ఆ లాగులాటలో కత్తి వంపు తిరుగుతుంది. వేడి ఎక్కువైనా, అంచు మరీ పలచగా ఉన్నా, వాదరకు అడ్డంగా వెంట్రుకంత చీలిక పడుతుంది. దాని పేరు హగిరే. దీనికి మరమ్మతు లేదు. మెరుపులో కలిసిపోయి కనిపించదు కాబట్టి వాదర పొడవునా బల్బు కింద అంగుళం అంగుళం చూసుకోవాలి. ఫుకురే వేరు. మడతల మధ్య గాలో మలినమో ఇరుక్కుని అతుకు పడనిచోట బొబ్బలా లేస్తుంది. ఇది కొలిమి దగ్గర కనిపించదు, సాన సగం అయ్యాక బయటపడుతుంది. అందుకే ఆర్డరు ఇచ్చేటప్పుడే ఒక మాట కాగితం మీద రాయించుకోండి: సానలో లోపం తేలితే కమ్మరి ఇంకో కత్తి కొట్టి ఇస్తాడా, అప్పటిదాకా అయిన సాన కూలి ఎవరిది? బయానా ఇచ్చాక ఈ ప్రశ్న అడిగితే జవాబు మెత్తగా ఉండదు.

కొలతలు కూడా అప్పుడే తేల్చుకోవాలి. నాగాస అంటే అలుగు పొడవు, జపాన్ కొలతలో 2 షకు 3 సున్ 5 బు అంటే దాదాపు 71.2 సెంటీమీటర్లు. ఆపైన సోరి, అంటే వంపు, ఎంత, గాడి కావాలా వద్దా, ఏ సంప్రదాయం, ఏ హమోన్ అన్నది. మొదటిసారి కొనేవాళ్లు చోజి హమోన్ అడుగుతారు, లవంగ మొగ్గల్లా ఎగసి పడుతుంది కాబట్టి. మా మాట సుగుహా, అంటే సూటి గీత. తిన్నటి గీతలో దాచుకోవడానికి చోటుండదు. ఉక్కు మంచిదో కాదో, చల్లార్చడం సమంగా జరిగిందో లేదో అక్కడే తేలిపోతుంది.

డబ్బు చాలకపోతే సాన ఖర్చు తగ్గించే ఆలోచన రాకూడదు. మంచి సానకారుడు సున్‌కు పదివేల యెన్‌లకు తక్కువ తీసుకోడు. పైన చెప్పిన పొడవు 23.5 సున్‌లు కాబట్టి ఆ లెక్కే రెండు లక్షల ముప్పై అయిదు వేలు. చవక సానలో షినొగి అనే గట్టు గీత గుండ్రంగా అరిగిపోతుంది, మొన ఆకారం పాడవుతుంది. దాన్ని సరిచేయడానికి మళ్లీ ఉక్కే పోవాలి. ఏ నిండుతనం కోసం కొన్నారో అదే పోతుంది. బదులుగా పొడవు తగ్గించుకోండి. మంచి కమ్మరి చేతి తాంతో, అంటే 30 సెంటీమీటర్ల లోపు పొట్టికత్తి, ఒక మోస్తరు కమ్మరి కతానా కన్నా ఎప్పుడూ మేలు.

ఒర సంగతి చాలామంది పట్టించుకోరు. షిరసాయను హోనొకి చెక్కతో చేసి, అన్నం మెతుకుల జిగురుతో అతికిస్తారు. లోపల తుప్పు చేరితే అతుకు విప్పి శుభ్రం చేసుకోవడానికి వీలుగానే ఆ మెత్తటి జిగురు. చెక్క ఏళ్ల తరబడి ఆరినదై ఉండాలి. పచ్చి చెక్కయితే తేమ వదిలి కొత్త సాన మీద మచ్చలు తెస్తుంది. ఒరలో కత్తి గిలకొడితే, లేదా తీసేటప్పుడు ఒకవైపు గీసుకుంటున్నట్టు తెలిస్తే, వెంటనే వెనక్కి పంపండి.

కొత్తగా సానపట్టిన ఉక్కు తుప్పుకు తొందరగా లొంగుతుంది. మొదటి ఆర్నెల్లు వారం, రెండు వారాలకోసారి పాత నూనె తుడిచి కొత్తది రాయాలి. తర్వాత రెండు మూడు నెలలకోసారి చాలు. నూనె తడి తెలిసీ తెలియనట్టుండాలి, చుక్క కడితే ఎక్కువైనట్టే. పెట్టెతో పాటు వచ్చే ఉచికో పొడిని కొత్త సాన మీద కొట్టకండి. అది రాతిపొడి. గరుకు రేణువు ఒక్కటున్నా అద్దం మీద గీత పడుతుంది. నీరు లేని ఆల్కహాలు, మెత్తటి కొత్త కాగితం చాలు. నకాగో, అంటే పిడి లోపలి కాడ, కొత్త కత్తిలో ఇనుప రంగులోనే తళతళలాడుతుంది. ఆకురాయి గీతలూ కమ్మరి సంతకం, తేదీ ఉలి అంచులూ అందులో పదునుగా ఉంటాయి. దానిమీద ఎర్ర తుప్పు రాకుండా పలచగా నూనె వేలు తగిలించండి, రుద్ది మెరుగు మాత్రం పెట్టవద్దు.

కాగితాల్లో తోరోకుషో, అంటే నమోదు పత్రం, లేనిది జపాన్‌లో ఏ కత్తీ చేతులు మారకూడదు. అందులోని పొడవు, వంపు, మెకుగి రంధ్రాల సంఖ్య, సంతకం మీ చేతిలోని కత్తితో సరిపోవాలి. జపాన్‌లో కొంటే 20 రోజుల్లోగా ఆ కాగితం ఇచ్చిన ప్రాంత విద్యామండలికి తెలపాలి. దేశం దాటించాలంటే తోరోకుషోను తిరిగి అప్పగించి, బుంకాచో ఇచ్చే ఎగుమతి పత్రం తీసుకోవాలి. దీనికి వారాలు పడతాయి. ఆ పని నేనే చూస్తానని అమ్మేవాడు అంటే, ఆ ఖర్చు ధరలో ఉందో లేదో తేల్చుకోండి.

తిరిగి అమ్మితే పెట్టిన డబ్బు రాదు. కమ్మరి బతికుండగా అదే కమ్మరి కొత్త కత్తులు ఇస్తుంటాడు కాబట్టి, చేతులు మారిన షిన్సకుతో చాలా తక్కువకే పోతుంది. కొనేవాళ్లకు ఇది మంచి వార్త. ఆర్డరు ఇచ్చి ఏడాది, రెండేళ్లు కాచుకునే బదులు, సాన చెడని, ఉబుహా చెక్కుచెదరని రెండో చేతి కత్తి దొరికితే ముందు దాన్ని చూడండి. ఆర్డరే ఇవ్వాలనుకుంటే టోక్యోలోని ర్యోగొకులో ఉన్న ఖడ్గ మ్యూజియంకు వెళ్లండి. ఎన్‌బీటీహెచ్‌కే ఏటా నడిపే పోటీకి వచ్చిన కత్తులు అక్కడ ప్రదర్శనలో ఉన్నప్పుడు వెళితే ఇంకా మంచిది. పదే పదే పెద్ద బహుమతులు గెలిచి, ఇక తీర్పు అక్కర్లేదనే ముకన్సా హోదా పొందినవాళ్ల పనీ, నిన్నగాక మొన్న లైసెన్సు వచ్చినవాళ్ల పనీ పక్కపక్కనే అద్దాల వెనక ఉంటాయి. మోకాళ్లు వంచి, దీపం ప్రతిబింబం హమోన్ మీద పడేదాకా కిందికి దిగి చూడండి.