మెర్క్యురీ లాంజ్‌లో రాక్ షో: న్యూజెర్సీలో ఎడిసన్ వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి

పెద్ద అరీనాలో పై వరస టికెట్ కొని, చివరికి బ్యాండ్‌ని పెద్ద తెర మీద చూసి రావడం నాకెప్పుడూ నచ్చలేదు. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో, హౌస్టన్ స్ట్రీట్ మీదున్న మెర్క్యురీ లాంజ్‌లో అయితే గిటారిస్టు వేళ్ళు ఏ తీగ మీదున్నాయో కనిపిస్తుంది. పట్టేది సుమారు 250 మంది. టికెట్ ధర అరీనాతో పోలిస్తే చాలా తక్కువ.

1993లో మొదలైన క్లబ్బు ఇది. ముందు గదిలో బార్, వెనక గదిలో షో. అంతకు ముందు ఇక్కడ సమాధి రాళ్ళు అమ్మేవారట, అలాంటి రాయి ఒకటి బార్ కౌంటర్‌లో ఇప్పటికీ ఉంది. తర్వాత బాగా పేరు తెచ్చుకున్న ద స్ట్రోక్స్ అనే రాక్ బ్యాండ్, ఇంకా పెద్దగా ఎవరికీ తెలియని రోజుల్లో, 2000 ప్రాంతంలో ఇక్కడ వాయిస్తున్నప్పుడు క్లబ్బు బుకింగులు చూసే ర్యాన్ జెంటిల్స్ ఆ ఉద్యోగం మానేసి వాళ్ళ మేనేజరైపోయాడు. పోస్టర్లో ఒక్క పేరూ తెలియలేదని వెళ్ళడం మానేయొద్దని చెప్పేది అందుకే. రాబోయే షోల పట్టీ తీసి, ఒక్కో బ్యాండ్‌వి రెండేసి పాటలు వినండి. నేనైతే స్టూడియో రికార్డింగ్ పక్కన పెట్టి లైవ్ వీడియోనే చూస్తాను. గొంతు అక్కడే బయటపడుతుంది.

కుర్చీలుంటాయని ఆశ పెట్టుకోకండి, నిలబడే చూడాలి. ఓపెనింగ్ బ్యాండ్లు అయ్యాకే అసలు బ్యాండ్ వస్తుంది. స్పీకర్ల ముందు కన్నా సౌండ్ ఇంజనీర్ దగ్గర నిలబడితే పాట బాగా వినిపిస్తుంది. ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి. చాలా షోలకి 21 ఏళ్ళు నిండాలి, కాబట్టి ఒరిజినల్ ఐడీ జేబులో ఉండాలి. షో అయ్యాక చాలాసార్లు బ్యాండ్ వాళ్ళే టేబుల్ దగ్గర నిలబడి టీషర్టులు, ఎల్పీ రికార్డులు అమ్ముకుంటారు. ఊరూరూ వ్యాన్‌లో తిరిగే వాళ్ళకి పెట్రోలు ఖర్చు వచ్చేది అక్కడే, నచ్చితే ఒకటి కొనండి.

వెళ్ళడం సులువే. ఎన్‌జే ట్రాన్సిట్ రైల్లో న్యూయార్క్ పెన్ స్టేషన్, అక్కణ్ణించి హెరాల్డ్ స్క్వేర్ దాకా నడిచి సబ్‌వేలో ఎఫ్ ట్రైన్, సెకండ్ అవెన్యూలో దిగడం. ఫస్ట్ అవెన్యూ వైపు గేటు నుంచి బయటికొస్తే నడక తగ్గుతుంది. టెన్షన్ అంతా తిరుగు ప్రయాణానిదే. అర్ధరాత్రి దాటితే ఎడిసన్ వైపు రైళ్ళు పలచబడతాయి, ఒకటి తప్పితే పెన్ స్టేషన్‌లో పడిగాపులే. కొన్ని రోజులు ఒకే సాయంత్రం రెండు వేర్వేరు షోలుంటాయి. మన వైపు వాళ్ళకి మొదటిదే మేలు.

ఆలస్యపు షోకి వెళ్ళి దగ్గర్లోనే ఒక హోటల్లో దిగాం. గది రేటు మీద డెస్టినేషన్ ఫీజని ఇంకొంత వడ్డించారు. దానికి బదులు ఇచ్చింది రెండు నీళ్ళ సీసాలు! తెల్లారేదాకా కిటికీ కింద సైరన్లు. ఆ డబ్బుకి అది దండగ. జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్‌లో హోటల్ తీసుకోవడం నయం. ఫోర్టీన్త్ స్ట్రీట్‌లో ఎఫ్ దిగి న్యూజెర్సీకి వెళ్ళే పాత్ రైలు ఎక్కొచ్చు, అది రాత్రంతా నడుస్తుంది. కాకపోతే రాత్రిపూట హోబోకెన్ చుట్టి వెళ్తుంది, ఓపిక కావాలి. పొద్దున్నే ఆ దగ్గర్లోని న్యూఆర్క్ అవెన్యూలో దోసె దొరుకుతుంది.

తిండికి 1888 నాటి కాట్జెస్ డెలి అక్కడికక్కడే, కానీ అక్కడ పేరున్న పాస్ట్రామీ శాండ్‌విచ్‌లో ఉండేది గొడ్డుమాంసం, పైగా క్యూ పెద్దది. నా ఓటు ఈస్ట్ ఫస్ట్ స్ట్రీట్‌లోని పంజాబీ డెలికి. టాక్సీ డ్రైవర్లు తినే చోటు, మొత్తం శాకాహారం, అన్నం, రెండు కూరలు, టీ. నిలబడి తినాలి.

టైముంటే బౌరీ అనే వీధి వైపు నడిచి 315 నంబరు చూడండి. పంక్ రాక్‌కి పుట్టిల్లని పేరున్న సీబీజీబీ క్లబ్బు 1973 నుంచి 2006 దాకా నడిచింది అక్కడే. అది మూతపడ్డాక బట్టల షాపు వచ్చింది. దాని కోసమే అయితే నేను ఎడిసన్‌లో రైలెక్కను.